ఆఫీసు అయ్యాక కేబుల్ బ్రిడ్జి ఫొటోలు: ఆకాశం నల్లగా, దీపాలు తెల్లగా వస్తున్నాయి

మాదాపూర్_50ఎంఎం:
హైటెక్ సిటీలో ఉద్యోగం, కెమెరా రోజూ బ్యాగులోనే ఉంటుంది. దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జి తీస్తే ఆకాశం నల్లగా, దీపాలు రంగు పోయి తెల్లగా వస్తున్నాయి. చార్మినార్ దగ్గర షాపుల బోర్డులు ఫ్రేములో ఉంటే అడ్డంగా చారలు. పైగా వానాకాలంలో కెమెరా బయటికి తీయగానే లెన్సు మీద ఆవిరి. ఏపీఎస్-సీ (మధ్యస్థ సైజు సెన్సార్) మిర్రర్‌లెస్ కెమెరా, దానితోపాటే వచ్చిన 18-55 కిట్ లెన్సు, ట్రైపాడ్ ఉన్నాయి. కొత్త లెన్సు కొనాలా?

మూసీ_ఒడ్డు:
కొనకండి. మీరు వెళ్లే టైమే తేడా కొడుతోంది. మన అక్షాంశం 17 డిగ్రీలు, సంధ్య వెలుగు తొందరగా అయిపోతుంది. పొద్దుగూకిన పావుగంట తర్వాత, మరో పది పన్నెండు నిమిషాల పాటే ఆకాశమూ దీపాలూ సరితూగుతాయి. డిసెంబరులో సూర్యాస్తమయం 5:45 ప్రాంతంలో, జూన్ ఆఖర్లో 6:50 దాటాక. అందుకే చలికాలం శని, ఆదివారాలకు ఉంచుకుని, ఆఫీసు రోజుల్లో ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా ప్రయత్నించండి.

దీపాలు తెల్లబడటానికి ఇంకో కారణం ఉంది. ఆ బ్రిడ్జి దీపాలు రంగులు మారుతుంటాయి. 15 సెకన్లు షట్టర్ తెరిచి ఉంచితే రెండు మూడు రంగులు ఒకదానిమీద ఒకటి పడి పాలిపోతాయి. మాన్యువల్‌లో ఐఎస్ఓ (సెన్సార్ సున్నితత్వం) 200, ఎఫ్/5.6 (లెన్సు రంధ్రం సైజు), షట్టర్ 1 సెకనుతో మొదలుపెట్టి, చీకటి పడేకొద్దీ 2, 4 దాకా వెళ్లి ఆపేయండి. హిస్టోగ్రామ్‌లో (వెలుగు ఎంతుందో చూపే గ్రాఫులో) ఏ రంగైనా కుడి అంచుకు అతుక్కుంటే ఒక స్టాప్, అంటే వెలుగు సగానికి, తగ్గించండి. రా ఫైలులో (కెమెరా కుదించకుండా ఇచ్చే అసలు ఫైలులో) నీడల్ని పైకి లాగొచ్చు, మాడిన దీపాన్ని మాత్రం వెనక్కి తేలేం.

కెమెరా మెనూలో లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ రిడక్షన్ (ఫొటోలో చుక్కలు తగ్గించే సెట్టింగు) ఆపండి. అది ఆన్‌లో ఉంటే 4 సెకన్ల ఫొటోకు మరో 4 సెకన్లు కెమెరా పనికిరాదు, ఉన్న పది నిమిషాల్లో సగం దానికే పోతుంది. ట్రైపాడ్ మీద స్టెబిలైజేషన్ (చేతి వణుకును సరిదిద్దే సెట్టింగు) ఆఫ్, 2 సెకన్ల టైమర్. లెన్సు ముందు యూవీ ఫిల్టర్ గాజు ఉంటే తీసేయండి, లేకపోతే దీపాల తలకిందుల ప్రతిబింబాలు ఫ్రేములో అవతలి వైపు తేలతాయి. బ్రిడ్జి ఫుట్‌పాత్ మీద వద్దు, బండ్లు పోతుంటే డెక్ వణుకుతుంది. చెరువు గట్టు నుంచి తీయండి.

పాతబస్తీ_ఫ్రేము:
చారలకు మందు: సైలెంట్ (ఎలక్ట్రానిక్) షట్టర్ ఆపి మెకానికల్‌కు మార్చండి. మన కరెంటు 50 హెర్ట్జ్, కాబట్టి మామూలు దీపాలు సెకనుకు 100 సార్లు మిణుకుతాయి. చేత్తో తీసేటప్పుడు షట్టర్ 1/50 లేదా 1/100 సెకను పెడితే ఒక పూర్తి మిణుకైనా ఫ్రేములో పడుతుంది. 1/250కి పోతే చారలు ఖాయం. స్క్రోలింగ్ ఎల్ఈడీ బోర్డుల లెక్క వేరే, వాటికి 1/30 దాకా దిగాలె.

ఇంకో మాట అన్నా. చార్మినార్ కిందికి పోయి కెమెరా పైకి ఎత్తితే మినార్లు లోపలికి వాలుతయి. వెనక్కి జరిగి, కెమెరా లెవెల్‌గా పట్టి, కింద మిగిలిన రోడ్డు తర్వాత కత్తిరించండి. నిజాం కాలపు ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ తీసిన కట్టడాల ఫొటోలు దగ్గర పెట్టుకుని చూడండి. ఆయన రూర్కీలో ఇంజనీరింగ్ చదివి, ఇందోర్‌లో పబ్లిక్ వర్క్స్ ఉద్యోగం చేస్తూనే కెమెరా పట్టినాయన, ఆరో నిజాం కొలువు ఆ తర్వాతి సంగతి.

సిలికాజెల్:
ఆవిరికి కారణం మీ ఆఫీసు ఏసీ. చల్లబడ్డ గాజుకు జూలై గాలి తగిలితే తేమ పడుతుంది. బయటికొచ్చాక బ్యాగు జిప్ తీయకుండా అరగంట ఉంచండి. తుడిస్తే మళ్లీ పడుతుంది. ఆ సమయంలో లెన్సు మార్చారంటే సెన్సార్ మీదా పడుతుంది.

ఇంటికెళ్లాక లెన్సును బ్యాగులోనే వదిలేయకండి, ఫంగస్ అక్కడే పడుతుంది. రబ్బరు గాస్కెట్ ఉన్న డబ్బా, తేమ పీల్చే సిలికా జెల్ 200 గ్రాములు, తేమ కొలిచే చిన్న హైగ్రోమీటర్ చాలు. తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉండాలి. 30 కిందకు పడితే రబ్బరు గ్రిప్పులకు మంచిది కాదు, కొంత జెల్ తీసేయండి. జెల్‌లోని నారింజ రంగు గుళికలు ఆకుపచ్చగా మారితే ఓవెన్‌లో 110 డిగ్రీల దగ్గర రెండు గంటలు ఆరబెట్టి, పూర్తిగా చల్లారాకే డబ్బాలో వేయండి.