మూడో తరగతి పిల్లలకి జాతి వివక్ష వీడియోలు చూపించాలా?

ఆమదాలవలస అమ్మ:
మా పాప మూడో తరగతి. పోయిన వారం బళ్ళో రూబీ బ్రిడ్జెస్ మీద వీడియో వేశారు. తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. 1960లో అమెరికాలోని న్యూ ఆర్లీన్స్‌లో, అంతవరకూ తెల్లపిల్లలే చదివిన బడిలో ఆరేళ్ళ నల్లజాతి పాప చేరింది. బయట పెద్దవాళ్ళు గుంపుకట్టి తిడుతుంటే, ప్రభుత్వం పంపిన మార్షల్స్ కాపలాలో నడిచి వెళ్ళింది. చాలామంది తెల్లవాళ్ళు తమ పిల్లల్ని బడి మాన్పించేశారు. ఆ ఏడాది రూబీ ఒక్కతే, ఒక టీచరు దగ్గర కూర్చుని చదువుకుంది.

పాప ఇంటికొచ్చి ఈ కథ చెబుతూ ఏడ్చింది. అన్నం కూడా సరిగ్గా తినలేదు. నా కూతురి మనసు మంచిదని పొంగిపోయాను. అదే రాత్రి, తన క్లాసులో ఉన్న సవర తెగ గిరిజన పాప తెలుగు ఎలా మాట్లాడుతుందో తమ్ముడికి చేసి చూపించింది. ఇద్దరూ పడీ పడీ నవ్వారు.

నేను హైదరాబాదులో చదివేటప్పుడు "ఏటి" అన్నందుకు హాస్టల్లో ఆరు నెలలు నన్ను ఇలాగే చేసి చూపించారు. అప్పుడు బాత్రూంలో దాక్కుని ఏడ్చేదాన్ని. ఇప్పుడు నా ఇంట్లోనే ఆ నవ్వు. మరి ఆ వీడియో వల్ల మా పాపకి ఏం తెలిసినట్టు?

బొబ్బిలి నాన్న:
నేను చూపించొద్దనే అంటాను. మా వీధి పిల్లలంతా కలిసే ఆడుకుంటారు. రంగు చూసి మనిషిని తిట్టొచ్చన్న సంగతి ఎనిమిదేళ్ళకే మనం ఎందుకు చెప్పాలి? పైగా అది అమెరికా కథ. అక్కడివాళ్ళు చెడ్డోళ్ళు, మనం మంచోళ్ళం అనుకుని పిల్లలు ఊరుకుంటారు. మీ పాప విషయంలో జరిగింది అదే కదమ్మా.

కొత్తవలస టీచరు:
పిల్లలకి తెలియదని మనం అనుకుంటాం సార్. అమెరికాలోనే 1940లలో కెన్నెత్ క్లార్క్, మేమీ క్లార్క్ దంపతులు మూడు నుంచి ఏడేళ్ళ లోపు నల్లజాతి పిల్లల ముందు రెండు రంగుల బొమ్మలు పెట్టి, ఏది మంచిదని అడిగారు. ఎక్కువమంది తెల్ల బొమ్మనే చూపించారు. బళ్ళలో తెల్లవాళ్ళనీ నల్లవాళ్ళనీ వేరు చేయడం చెల్లదని 1954లో సుప్రీంకోర్టు చెప్పినప్పుడు ఈ పనిని కూడా ప్రస్తావించింది.

అంతదూరం ఎందుకు, నా క్లాసుకి రండి. బొమ్మ గీసి "స్కిన్ కలర్ ఇవ్వరా" అంటే అందరూ లేత గులాబీ క్రేయానే అందిస్తారు. ఆ క్లాసులో ఆ రంగున్న పిల్ల ఒక్కతీ లేదు. పసిబిడ్డని చూడటానికి వచ్చినవాళ్ళు "రంగు అమ్మదా, నాన్నదా" అని అడగడం పక్కనే నిలబడ్డ అక్క వింటుంది.

నేను ఇలాంటి వీడియోలు వేస్తాను. కానీ మధ్యలో ఆపుతాను. "తెల్లపిల్లల్ని ఇంటికి తీసుకుపోయారు కదా, అందులో నువ్వొకడివైతే మర్నాడు ఏం చేసేవాడివి?" అంటాను. క్లాసు నిశ్శబ్దమైపోతుంది. రూబీ కోసం ఏడవడం వాళ్ళకి కష్టం కాదు. ఆ మాటకి జవాబు చెప్పడమే కష్టం.

పాలకొండ:
ఇప్పటికే ఫోన్లతో టెన్షన్ పడుతున్నాం. మళ్ళీ వీడియోలా? మనం ఇంట్లో ఎలా ఉంటే పిల్లలూ అలాగే ఉంటారు.

సీతంపేట కుర్రాడు:
నేను సవరని. ఆమదాలవలస అక్కా, మీ పాప మీద కోపం లేదు. ఒక్క సంగతి చాలామందికి తెలియదు. మేము ఇంట్లో మాట్లాడేది తెలుగులో యాస కాదు, వేరే భాష. ముండా కుటుంబానిది, తెలుగుతో చుట్టరికమే లేదు. ఆ పాప రెండో భాషలో లెక్కలూ పాఠాలూ నేర్చుకుంటోంది. నన్ను "కొండోడు, బుర్ర లేదు" అన్న రోజుల్లో నేనూ అదే చేస్తున్నాను. నాలుగో తరగతి వరకు క్లాసులో నోరు తెరవలేదు.

వీడియోలు వద్దనను. మా మీద తీసేవి మాత్రం చూడండి. డప్పులు, డాన్సు, పండగ. మా నాన్న పోడులో కష్టపడటం, మా అమ్మ అనాసపళ్ళు, కొండచీపుర్లు సంతకి మోసుకొచ్చి బేరమాడటం ఎందుకు తియ్యరు? పిల్లలు మమ్మల్ని చూసి జాలిపడక్కర్లేదు, పక్కింటివాళ్ళలా చూస్తే చాలు.

ఇంకొకటి. ఆగస్టు 29న బళ్ళలో గిడుగు రామమూర్తి గారి పేరు మీద తెలుగు భాషా దినోత్సవం చేస్తారు. ఆయన మన శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టారు. వాడుక భాష కోసం పోరాడారని ప్రతి ఏడూ విన్నాను. ఆయన మా సవర నేర్చుకుని, మా పిల్లలకి మా భాషలోనే పుస్తకాలు రాసి, బళ్ళు పెట్టించారని మాత్రం నాకు డిగ్రీలో తెలిసింది. చిన్నప్పుడే ఎవరైనా క్లాసులో చెప్పి ఉంటే నా బెంచీ మీద కాస్త నిటారుగా కూర్చునేవాడిని.

బొబ్బిలి నాన్న:
తమ్ముడూ, గిడుగు గారి సంగతి నాకూ తెలియదు. ఇలాంటి వీడియో అయితే మా వాడికి నేనే చూపిస్తాను. అమెరికాది ఈ వయసుకి వద్దనే మాట మీదే ఉన్నాను. ముందు ఇక్కడిది తెలియాలి.

ఆమదాలవలస అమ్మ:
నాకైతే రెండూ కావాలి. రూబీ కథ వినకపోతే ఆ రాత్రి మా పాపని ఏమని అడగాలో నాకు తోచేది కాదు. "మరి ఆ గుంపులో నిలబడినవాళ్ళు చేసిందేంటి?" అన్నాను. చాలాసేపు మాట్లాడలేదు.

ఆదివారం ఆ పాపనీ వాళ్ళమ్మనీ ఇంటికి పిలిచాం. అనాసపండుని వాళ్ళ భాషలో ఏమంటారని మా పిల్ల అడిగింది. మూడుసార్లు చెప్పించుకున్నా దీనికి నోరు తిరగలేదు. ఆ పాప నవ్వలేదు, నాలుగోసారి ఇంకా మెల్లగా చెప్పింది.

కొత్తవలస టీచరు గారూ, వీడియో ఎక్కడెక్కడ ఆపుతారో, ఏమేం అడుగుతారో ఇక్కడ రాయండి. మా పాప టీచరుకి ఇస్తాను.