అప్‌డేట్: ఎల్లో ల్యాబ్ చేపల్లో ఆడా మగా తేలింది (కొంతవరకు)

కొత్త ట్యాంకులో వేసిన ఎల్లో ల్యాబ్ సిక్లిడ్‌లలో (పసుపు రంగు అక్వేరియం చేపలు) మగవేవో ఎలా గుర్తుపట్టాలని అడిగాను కదా. రెక్కల మీద నలుపు ఉంటే మగదని షాపులో చెప్పారు. తోక దగ్గరి కింది రెక్క మీద పసుపు చుక్కలు చూడమని మీలో ఒకరన్నారు. రెండూ నమ్మదగ్గవి కావు. ఆడవాటికీ నలుపు వస్తుంది, చుక్కలూ ఉంటాయి.

పనికొచ్చింది వెంటింగే. చేపను తడి వలలో వెల్లకిలా పట్టుకుని, పొట్ట కింది రెండు రంధ్రాలను పోల్చాలి. దాదాపు ఒకే సైజులో ఉంటే మగది, తోక వైపుది పెద్దగా ఉంటే ఆడది. చిన్నవాటిలో ఇప్పటికీ నాకు తేడా తెలియట్లేదు, ఇంకా పెరగాలి.

ఈలోగా ఒకటి ఆడదని తనే చెప్పేసింది! దవడ కింద ఉబ్బింది, మేత ముట్టట్లేదు, నోట్లో గుడ్లున్నాయి. మూడు నాలుగు వారాలు ఇలాగే మోస్తుందట. వేరే ట్యాంకులోకి మార్చలేదు, టెన్షన్ పడితే ఉమ్మేస్తుందని.

నీళ్లు బాగున్నాయి. చేపలకు హాని చేసే అమ్మోనియా, నైట్రైట్ సున్నా. మా బోరు నీళ్ల కఠినత్వం (హార్డ్‌నెస్) గీజర్‌కు శత్రువే గానీ, ఈ మలావీ సరస్సు చేపలకు సరిగ్గా సరిపోయింది.