మాన్యువల్ ఎవరూ తెరవట్లేదు, తిరిగి ఎలా రాయాలి?

ప్రశ్న:
మా టీంలో బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌కి పెద్ద మాన్యువల్ ఉందండి, పరిచయం, మెనూలు, ఏ స్క్రీన్‌లో ఏ బటన్ ఏంటి అన్నీ వరసగా ఉన్నాయి, అయినా ఎవరూ తెరవరు, పని ఎక్కడైనా ఆగితే పక్క సీటు వాళ్లనే అడుగుతారు. తిరిగి రాసే పని నాకు అప్పజెప్పారు. ఇంకా వివరంగా రాయాలా, వీడియోలు చేయాలా, ఎక్కడ మొదలెట్టాలో అర్థం కావట్లేదు. ఇలాంటివి చేసినవాళ్లుంటే చెప్పండి ప్లీజ్.

జవాబు 1:
వివరం చాలక కాదండి, అది సాఫ్ట్‌వేర్ వరసలో ఉంది, పని వరసలో లేదు. "రిపోర్ట్స్ మెనూ" అని హెడ్డింగ్ పెడితే అవసరమున్నోడికి తట్టదు, "తప్పు పడిన బిల్లు క్యాన్సిల్ చేయడం" అంటే ఠక్కున దొరుకుతుంది. పక్క సీటు వాళ్లని ఏం అడుగుతున్నారో కొన్నాళ్లు వాళ్ల మాటల్లోనే రాసిపెట్టుకోండి, అవే మీ హెడ్డింగులు. ఇంకోటి, షరతు ముందు రావాలి. "సబ్మిట్ నొక్కండి, డ్రాఫ్ట్‌లో ఉంటే మాత్రం వద్దు" అని రాస్తే చాలామంది మొదటి ముక్క చదివి నొక్కేస్తారు. హెచ్చరికలూ అంతే, స్టెప్ కింద ఎర్రగా పెట్టి ఏం లాభం, అప్పటికే డిలీట్ అయిపోయుంటుంది.

జవాబు 2:
అది కొత్తవాళ్లకి. రోజూ చేసేవాళ్లకి పని వచ్చు, మర్చిపోయేవి ఒకటో రెండో ఉంటాయి, వాళ్లకి చెక్‌లిస్ట్ చాలు. 1935లో బోయింగ్ మోడల్ 299 టేకాఫ్ అవుతూనే కూలిపోయింది, నడిపింది అనుభవమున్న పైలట్లే, నేల మీద ఉన్నప్పుడు కంట్రోల్స్ కదలకుండా వేసే లాక్ తీయలేదంతే. పైలట్ల చెక్‌లిస్టులు బాగా వాడకంలోకొచ్చింది ఆ తర్వాతే, అందులో విమానం నడపడం ఎలాగో ఉండదు చూడండి. డబ్ల్యూహెచ్ఓ 2008లో తెచ్చిన సర్జరీ చెక్‌లిస్ట్ కూడా 19 అంశాలే, మత్తు ఇచ్చేముందు, కోత పెట్టేముందు, పేషెంట్ థియేటర్ దాటేముందు, ఈ మూడు చోట్ల ఆపి అడుగుతుంది. మీ పనిలో ఎక్కడ ఆపాలో తేల్చడమే కష్టం, రాయడం కాదు.

ప్రశ్న అడిగినవారు:
అంటే రెండు డాక్యుమెంట్లు పెట్టాలా? అప్‌డేట్ ఎవరు చేస్తారండి బాబూ 😅

జవాబు 3:
రెండు పెట్టండి, కానీ ఒకే విషయం రెండు చోట్లా రాయొద్దు, చెక్‌లిస్ట్ నుంచి స్టెప్పులకి లింక్ ఇచ్చేయండి. స్క్రీన్‌షాట్ ఆ స్టెప్ పక్కనే ఉండాలి, చివర్లో అన్నీ కలిపి పెడితే పైకీ కిందకీ తిరగడంలోనే బుర్ర అయిపోతుంది. వీడియో అయితే మధ్యలో కావాల్సిన ఒక్క ముక్క వెతకడం నరకం, స్క్రీన్ మారితే మొత్తం మళ్లీ తీయాలి, నేనైతే వద్దంటాను. రాసింది ఎప్పుడూ ఆ పని చేయనివాళ్ల చేతికిచ్చి పక్కన కూర్చోండి, నోరు మాత్రం తెరవొద్దు, వాళ్లు మీ మొహం చూసిన ప్రతిచోటా తిరగరాయాల్సిందే.