ఆగిపోయిన పొద్దుటి బస్సు మళ్లీ రావాలంటే ఎవరిని కలవాలి?

మాది గుంటూరు జిల్లా ప్రత్తిపాడు వైపు, మెయిన్ రోడ్డు నుంచి 4 కిలోమీటర్లు లోపలికి. పొద్దున 7:10కి గుంటూరు వెళ్లే బస్సు రెండు నెలలుగా రావట్లేదు, సాయంత్రం 5:40ది మాత్రం తిరుగుతోంది (అదీ వారంలో నాలుగు రోజులే). కాలేజీ పిల్లలు, మిర్చి యార్డు పనికెళ్లేవాళ్లు మెయిన్ రోడ్డు దాకా ఆటోకే మనిషికి 30 రూపాయలు పెడుతున్నారు. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకి ఉచితమే, బస్సంటూ వస్తే కదా! డిపోకి రెండుసార్లు వెళ్తే కలెక్షన్ లేదన్నారు, 60 సంతకాలతో అర్జీ ఇస్తే రసీదు కూడా ఇవ్వలేదు, సోమవారం గ్రీవెన్స్‌లో పెడితే "పరిష్కరించాం" అని ఫోన్‌కి మెసేజ్ వచ్చింది, బస్సు మాత్రం రాలేదు. ఇలా ఆగిపోయిన బస్సుని తిరిగి తెప్పించుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే, మీకు ఏ అధికారికి అర్జీ ఇస్తే పని జరిగింది?