అప్‌డేట్: మిర్చి బిల్లులో పైసా తేడా దొరికింది
వరంగల్ ఎనుమాముల మార్కెట్‌ల మా బాబాయి అడ్తి దుకాణంల పైథాన్ ప్రోగ్రాం కట్టే బిల్లుల్లో అప్పుడప్పుడు పైసా తక్కువొస్తుంది, యూనిట్ టెస్టులు (కోడ్‌ల ఒక్కో ముక్కను విడిగా పరీక్షించేటివి) రాయాల్నా, సెలీనియమా (బ్రౌజర్‌ను తనంతట తానే నడిపి స్క్రీన్‌లు పరీక్షించే టూల్), చేత్తోనే చూసుకోవాల్నా అని పోయిన నెల అడిగిన. జవాబిచ్చినోళ్లందరికీ థాంక్స్.

లెక్క కట్టే ఒక్క ఫంక్షన్‌కే అంచు విలువలతో (సరిగ్గా సగం దగ్గర పడే అంకెలసొంటివి) యూనిట్ టెస్టులు రాయమన్న సలహా పనిచేసింది. 1.005ను రెండు దశాంశాలకు సవరిస్తే 1.01 రావాలె, పైథాన్ రౌండ్ ఫంక్షన్ 1.0 ఇచ్చింది. ఫ్లోట్‌ల (దశాంశాలను బైనరీల దాచే రకం) ఆ అంకె కొంచెం తక్కువగానే నిల్వ ఉంటది. డెసిమల్‌కి (దశాంశాలను ఉన్నదున్నట్టు దాచే పైథాన్ రకం) మార్చినా మళ్లీ 1.00! అది సగాన్ని సరి అంకె (0, 2, 4 లాంటిది) వైపు సవరిస్తదట. రౌండ్ హాఫ్ అప్ (సగం వస్తే పైకి) అని చెప్పి, విలువను స్ట్రింగ్‌గా (కోట్స్‌ల పెట్టిన అక్షరాలుగా) ఇచ్చినంక సరైంది.

సెలీనియం మీద రెండు ఆదివారాలు దండుగ; స్క్రీన్‌ల తప్పే లేదు. జీఎస్టీ, ప్రింటర్ అనుమానాలూ ఉత్తవే. ప్రింటు మాత్రం ఇప్పటికీ చేత్తోనే చూస్తున్న.