డైనోసార్ ప్రొవిన్షియల్ పార్క్ (ఆల్బర్టా): అమ్మానాన్నలతో ఒక్కరోజులో కుదురుతుందా?

కాల్గరీ_కాపురం: జూలైలో కాల్గరీ నుంచి కారులో వెళ్దామనుకుంటున్నాం. నాన్నగారికి మోకాళ్ల నొప్పులు. డ్రమ్‌హెల్లర్ ఊళ్లోని డైనోసార్ మ్యూజియం కూడా అదే రోజు చూసేయొచ్చా? దగ్గరి ఊళ్లలో శాకాహారం దొరుకుతుందా?

ప్రెయిరీబాబు: రెండూ ఒకేరోజు పెట్టుకోకండి. రెండూ రెడ్ డీర్ నది ఒడ్డునే ఉన్నా, మధ్య సుమారు రెండు గంటల డ్రైవింగ్. మ్యాప్‌లో ఉత్త 'డైనోసార్' అని కొడితే డ్రమ్‌హెల్లర్‌లో తేలతారు, పార్కు పేరు పూర్తిగా కొట్టండి. హైవే 1 మీద బ్రూక్స్ వరకు వెళ్లి, 873 మీద ఉత్తరానికి, 544 మీద తూర్పుకి తిరగాలి. ప్యాట్రీషియా నుంచి బోర్డులే దారి చూపిస్తాయి. బ్రూక్స్ నుంచి 48 కిలోమీటర్లు. పెట్రోలు బ్రూక్స్‌లోనే నింపుకోండి.

మోకాళ్ల సంగతికొస్తే, పార్కులో ఎక్కువ భాగం రక్షిత ప్రాంతం, గైడ్ లేకుండా వెళ్లనివ్వరు. అందుకే బస్సు టూర్ ముందే బుక్ చేయండి, నడక తక్కువ. సొంతంగా చూడాలంటే లూప్ రోడ్డు మీద కారులో తిరగొచ్చు. కాటన్‌వుడ్ ఫ్లాట్స్ బాట 1.4 కిలోమీటర్లు, నది పక్కన చదునుగా, చెట్ల నీడలో ఉంటుంది. దోమల మందు మాత్రం మరవకండి. బ్యాడ్‌ల్యాండ్స్ బాట 1.3 కిలోమీటర్లే, కానీ ఎగుడుదిగుడు. నాన్నగారికి వద్దు.

రాళ్లూరప్పలూ: ముందురోజు వాన పడితే తేదీ మార్చుకోండి. అక్కడి మట్టిలో బెంటొనైట్ అనే బంకమన్ను ఉంది. నీళ్లు పీల్చి ఉబ్బి, సబ్బులా జారుతుంది, మంచి బూట్లేసుకున్నా పట్టు దొరకదు. ఎండ రోజైతే మనిషికి కనీసం రెండు లీటర్ల నీళ్లు ఉండాలి, నడకలు ఉదయమే ముగించాలి. పొదల్లో, రాళ్ల సందుల్లో చేతులు పెట్టొద్దు, గిలకపాములుంటాయి. డైనోసార్ ఎముక ముక్క (శిలాజం) కనిపిస్తే ఫోటో తీసి, ఉన్నచోటే వదిలేసి సిబ్బందికి చెప్పండి. జేబులో వేసుకుంటే నేరం.

పులిహోర_ప్యాక్: ప్యాట్రీషియా చిన్న పల్లె, అక్కడి పాత హోటల్ స్టేక్‌కే పేరు. శాకాహారులు ఇంటినుంచి కట్టుకెళ్లడమే మేలు. పులిహోర అయితే ఎండకి త్వరగా చెడదు, పెరుగన్నానికి ఐస్ బాక్సు కావాలి.

తిరుగు ప్రయాణంలో టైముంటే బ్రూక్స్‌కి ఆగ్నేయంగా 8 కిలోమీటర్లలో ఉన్న అక్విడెక్టు (స్తంభాల మీద నీళ్లు మోసుకెళ్లే వంతెన కాలువ) చూడండి. పి.గన్నవరం అక్విడెక్టు తెలిసిన కోనసీమవాళ్లకు ఇది మరీ నచ్చుతుంది. 1914లో పూర్తయిన 3.2 కిలోమీటర్ల కాంక్రీటు కాలువ, 1979 దాకా సాగునీరు మోసింది. రైలు పట్టాలు అడ్డొచ్చినచోట నీళ్లు సైఫన్‌లో కిందికి దిగి అవతల మళ్లీ పైకెక్కేవి. అమ్మానాన్నలకు ఆ చోటే చూపించండి.