52 ఏళ్లకు మైనింగ్‌లో పీహెచ్‌డీ: ఉద్యోగం చేస్తూ కుదురుతుందా?

ప్రశ్న:
రామగుండం వైపు బొగ్గు గనుల్లో జనరల్ మేనేజర్‌ని. లాంగ్‌వాల్‌లో, అంటే పొడవాటి బొగ్గు గోడను యంత్రంతో కోసుకుంటూ పోయే పద్ధతిలో, గని పైకప్పు బరువు ఎప్పుడు మీదకు దిగుతుందో, దాన్ని మోసే సపోర్టుల ప్రెజర్ రీడింగుల నుంచి ముందే పసిగట్టాలి. దీనిమీదే పరిశోధన చేయాలని ఏళ్లుగా కోరిక. కింద పనిచేసేవాళ్ల ప్రాణాల సంగతి ఇది. సెలవు పెట్టకుండా వీలవుతుందా?

జవాబు:
అవుతుంది సార్. యూజీసీ 2022 నిబంధనల్లో పార్ట్‌టైమ్ పీహెచ్‌డీ ఉంది. కంపెనీ ఎన్‌వోసీ తప్పనిసరి. కోర్స్‌వర్క్‌తో కలిపి కనీసం మూడేళ్లు. ధన్‌బాద్ ఐఐటీ అనుకుంటే వాళ్ల సొంత రూల్స్ చూడండి.

ఇంకో జవాబు:
అన్నా, ఆ రీడింగులు కంపెనీవి. థీసిస్‌లో వాడుకోవడానికి రాతపూర్వక అనుమతి ఇప్పుడే తీసుకో. చివర్లో అడిగితే చాలా టెన్షన్.

అడిగినవారు:
మంచి మాట చెప్పావు తమ్ముడూ. సోమవారమే లెటర్ పెడతా. గైడ్ నాకంటే చిన్నవాడైనా పట్టింపు లేదు, లాంగ్‌వాల్ తెలిసినవారైతే చాలు.